నొక్కితే వినేదెవరు?

2024 జులై 25, గురువారం

పొద్దున తొమ్మిదింటికి షట్టరు ఎత్తాను. పటానికి అగరొత్తి వెలిగించి, కుర్చీలో కూర్చుంటూనే అలవాటు ప్రకారం కాలి బొటనవేలితో సీపీయూ బటన్ నొక్కాను. చప్పుడు లేదు. మళ్లీ నొక్కాను. ఫ్యాను తిరగలేదు, లైటు వెలగలేదు. మూడోసారి వంగి చేత్తో నొక్కాను. కాలితో నొక్కినా చేత్తో నొక్కినా దానికి ఒకటే అయింది.

వైశాఖం, జ్యేష్ఠం శుక్ర మూఢంలో కొట్టుకుపోయాయి. ఆషాఢం సంగతి సరేసరి. మూడు నెలలు ఈగలు తోలుకున్న డీటీపీ సెంటరు మీద శ్రావణం పెళ్లిళ్లన్నీ ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. టేబుల్ మీద పదకొండు శుభలేఖల కాగితాలున్నాయి. ఈ పెట్టెకి మూలపడడానికి ఇదే ముహూర్తం దొరికింది.

అదే రోజు, మధ్యాహ్నం

పైనుంచి కిందికి ఒక్కొక్కటే చూశాను. గోడ ప్లగ్గులో కరెంటుంది. స్పైక్ బస్టర్ ఎర్ర లైటు వెలుగుతోంది. మోనిటర్ వస్తోంది, సిగ్నల్ లేదంటోంది. సీపీయూ వెనక, లోపలికి కరెంటు మార్చి ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ డబ్బా దగ్గరున్న చిన్న స్విచ్ ఆన్‌లోనే ఉంది. పక్క రేకు కన్నాల్లోంచి టార్చి వేసి చూస్తే మదర్‌బోర్డు మీద ఓ మూల చిన్న ఆకుపచ్చ లైటు వెలుగుతోంది.

ఆ లైటు చూశాక సగం ప్రాణం లేచొచ్చింది. కరెంటు గుమ్మం దాకా వచ్చి కూర్చుంది. లోపలికి రమ్మని పిలిచేవాళ్లే లేరు.

అదే రోజు, రాత్రి

షాపు మూశాక పెట్టె విప్పాను. దుమ్ము సంగతి చెప్పుకోకూడదు. ఒక మూల బల్లిగుడ్డు పెంకులు రెండు.

ముందు ఎస్‌ఎంపీఎస్ సంగతి తేల్చుకోవాలి. దాన్నుంచి బోర్డుకి వెళ్లే 24 పిన్నుల పెద్ద కనెక్టర్‌లో ఊదా రంగు తీగ ఒకటుంటుంది. మెషీన్ ఆపేసి ఉన్నా, వెనక ప్లగ్గు ఉన్నంతసేపూ అందులో 5 వోల్టులు ఉండాలి. మల్టీమీటర్ పెట్టాను: 5.03. తర్వాత ప్లగ్గు తీసి, ఆ కనెక్టర్‌ని బోర్డు నుంచి ఊడబెరికి, ఆకుపచ్చ తీగ కన్నానికీ పక్కనున్న నల్ల తీగ కన్నానికీ మధ్య జెమ్ క్లిప్ ఒకటి వంచి గుచ్చి, మళ్లీ ప్లగ్గు పెట్టాను. ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను తిరిగింది. పసుపు తీగలో 12, ఎరుపులో 5, నారింజలో 3.3, అన్నీ కాస్త అటూ ఇటూగా సరిపోయాయి.

అంటే వంటవాడు బాగానే ఉన్నాడు. వడ్డించమని చెప్పేవాడి దగ్గరే తేడా.

కనెక్టర్ తిరిగి బోర్డుకి పెట్టాను. బోర్డు కింది అంచున, ముందు రేకు నుంచి వచ్చే సన్నతీగలన్నీ గుచ్చుకునే చోట, పవర్ స్విచ్ అని రాసున్న తీగ లాగేశాను. రెండు పిన్నులు బయటపడ్డాయి. స్క్రూడ్రైవర్ మొనతో ఆ రెండిటినీ కలిపి ఒక్క క్షణం తాకించాను.

స్టార్టయింది. రాత్రి పదిన్నరకి, బనీను మీద, గచ్చు మీద కూర్చుని ఒక్కణ్నే నవ్వుకున్నాను.

జులై 26, శుక్రవారం

ఈరోజు నాలుగుసార్లు స్క్రూడ్రైవర్‌తో స్టార్ట్ చేశాను. కారు దొంగకి తోడబుట్టినవాడిలా ఉంది నా వాలకం.

మా ఆవిడ టిఫిను క్యారేజీ పట్టుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. ‘‘ఏమండీ, కరెంటు కొడుతుందండీ!’’

కొట్టదు. ఆ రెండు పిన్నుల మధ్య ఉండేది మూడు, మహా అయితే అయిదు వోల్టులు. టార్చిలైటు బ్యాటరీల పాటి. కొట్టేదల్లా ఎస్‌ఎంపీఎస్ డబ్బా లోపలే. అక్కడ 230 వోల్టుల ఏసీని డీసీగా మార్చి పెద్ద కెపాసిటర్‌లో నింపుతారు. అది 320 దాటుతుంది. ప్లగ్గు తీసేసినా కాసేపు అందులోనే ఉండిపోతుంది. అందుకే ఆ డబ్బా మర జోలికి నేనెప్పుడూ పోను. ఇదంతా చెప్పాను. ‘‘సరే, చెప్పులేసుకుని చెయ్యండి’’ అంది.

జులై 26, రాత్రి

నాన్న గుర్తొచ్చాడు. కోనేరు సెంటరు దగ్గర ప్రెస్సులో కంపోజిటర్. పనివాళ్లు రాని రోజు ట్రెడిల్ కూడా ఆయనే తొక్కేవాడు. తొక్కితే చక్రం తిరిగేది, ఆపితే ఆగేది. కాలికీ చక్రానికీ మధ్య ఒక ఇనప కమ్మీ తప్ప ఏమీ లేదు. ట్రెడిల్ తిరగలేదంటే ఎక్కడ పట్టేసిందో కాలికే తెలిసిపోయేది.

నేను మొదట కొన్న పాత కంప్యూటర్ కూడా ఇంచుమించు అంతే. అది ఏటీ కేబినెట్. ముందు బటన్ దాకా లావుపాటి తీగలు నాలుగు వచ్చేవి, 230 వోల్టులూ ఆ బటన్‌లోంచే పోయేవి. నొక్కితే టక్కున లోపలికి దిగి అక్కడే ఉండేది. 1981 నాటి ఐబీఎం పీసీకి పక్కన ఎర్రటి పెద్ద మీట ఉండేది, అదీ ఇదే జాతి. విండోస్ 95లో షట్‌డౌన్ కొడితే, ఇక కంప్యూటర్ ఆపుకోవచ్చని నల్ల తెర మీద నారింజ అక్షరాలు వచ్చేవి. అప్పుడు మనం వేలితో ఆపాలి. ఆపేవాడు మనిషే.

1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొత్త పద్ధతి తెచ్చింది. అప్పటి నుంచి ముందు బటన్‌కి అధికారం పోయింది. ఇప్పుడది చేసే పనల్లా రెండు పిన్నుల్ని ఒక్క క్షణం కలిపి వదలడమే. బోర్డు మీద మేలుకుని కూర్చున్న చిప్పు ఒకటి అది గమనిస్తుంది. గమనించి ఆకుపచ్చ తీగని నేలకి దించుతుంది. అప్పుడు ఎస్‌ఎంపీఎస్ పెద్ద వోల్టేజీలు లేపుతుంది. అన్నీ కుదురుకున్నాక, సెకనులో పదో వంతు నుంచి సగం లోపు, బూడిద రంగు తీగలో ‘సిద్ధం’ అని కబురు పంపుతుంది. అప్పుడు గానీ ప్రాసెసర్ కళ్లు తెరవదు.

తొక్కుడు పోయి అర్జీ వచ్చింది. అర్జీ ఏ బల్ల దగ్గర ఆగిందో బయటివాడికి కనబడదు.

జులై 27, శనివారం

హైదరాబాద్‌లో ఉన్న మా మేనల్లుడికి ఫోన్ చేశాను.

‘‘మావయ్యా, ఆ బటన్‌తో పనేంటి? బయోస్‌లోకెళ్లు. కరెంటు పోయి వస్తే ఏం చెయ్యాలని ఒక ఆప్షన్ ఉంటుంది. పవర్ ఆన్ పెట్టు. గోడ స్విచ్ వేస్తే చాలు, అదే లేస్తుంది.’’

పెట్టాను. బ్రహ్మాండంగా లేచింది. మధ్యాహ్నం షట్‌డౌన్ చేసి భోజనానికి వెళ్లాను. బందరులో కరెంటు పోయి రావడం ఎంతసేపు! తిరిగొచ్చేసరికి పెట్టె తనంతట తనే లేచి, మూసిన షాపులో ఫ్యాను వేసుకుని కూర్చుంది.

మళ్లీ ఫోన్. ‘‘అయితే కీబోర్డుతో లేచేలా పెట్టు మావయ్యా. స్పేస్ బార్ కొడితే వస్తుంది.’’ అదీ పెట్టాను. రాలేదు. గంటసేపు తిట్టుకున్నాక తేలింది: బయోస్‌లో ఈఆర్‌పీ అని ఇంకో మెలిక ఆన్‌లో ఉంది. ఆపేసిన యంత్రం అర వాటు మించి తాగకూడదని ఐరోపావాళ్లు పెట్టుకున్న నిబంధన కోసం వచ్చిన ఆప్షన్ అది. అది ఆన్‌లో ఉంటే పెట్టె ఆగినప్పుడు కీబోర్డుకి ఒక్క చుక్క కూడా కరెంటు పోదు. నిద్రపోయేవాణ్ని లేపమని నిద్రపోయేవాడికే చెప్పినట్టు. ఈఆర్‌పీ తీసేశాక స్పేస్ బార్ పనిచేసింది.

పని గడుస్తోంది. అయినా అసలు బటన్ ఎందుకు చచ్చిందో తెలియకపోతే నాకు అన్నం సయించదు.

జులై 28, ఆదివారం

కొత్త కంప్యూటర్ కొనుక్కోరాదా అని టీ కొట్టు బాబాయి అడిగాడు. ఆయన తప్పు లేదు. ఈ పెట్టెలో ఉన్నది పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఇరవై ఏళ్ల శుభలేఖలు. అను అక్షరాలకి లోపల ఇంగ్లీషు గుర్తులే ఉంటాయి. తెలుగు బొమ్మ ఫాంటు తొడుగుతుంది. ఫైలు తీసుకెళ్లి ఆ ఫాంట్లు లేని మెషీన్‌లో తెరిస్తే ‘చి.ల.సౌ.’ ఉండాల్సిన చోట డాలర్లు, బ్రాకెట్లు, ఆశ్చర్యార్థకాలు వరసకట్టి నిలబడతాయి. ఏ పెళ్లికూతురి పేరు పక్కనా ఉండకూడనివే అన్నీ.

ఈ పెట్టె ఇనుమే. లోపలున్నది మాత్రం సగం బందరు వంశవృక్షం.

జులై 29, సోమవారం

ముందు రేకు ఊడదీసి బటన్ బయటికి లాగాను. చిటికెన గోరంత ప్లాస్టిక్ డబ్బా, వెనక రెండు తీగలు. మల్టీమీటర్‌ని బీప్ మీద పెట్టి నొక్కాను. నొక్కినా బీప్ లేదు. వేలు నలిగేలా గట్టిగా అదిమితే ఒకసారి కుయ్‌మంది.

డబ్బా మూత చాకుతో లేపాను. లోపల పసుపు. నిజం పసుపే! పోయిన దసరాకి, అంతకు ముందు దసరాకి, ఇంకా ముందటి దసరాలకి, ఆయుధపూజ నాడు నేనే సరిగ్గా బటన్ మీద తడి పసుపు రాసి కుంకుమబొట్టు పెడుతూ వచ్చాను. ఏడాదికి ఒకసారి చేత్తో పూజ, మిగతా మూడువందల చిల్లర రోజులూ కాలితో తన్ను. రెండూ దాని మీదే.

చిలకలపూడి నుంచి రోల్డ్ గోల్డ్ పనిచేసే ఆయన విజిటింగ్ కార్డుల కోసం వచ్చాడు. బటన్ లోపలి రేకు చూపించాను. జేబులోంచి భూతద్దం తీసి కంటికి పెట్టుకున్నాడు.

‘‘పూత పోయింది గురువుగారూ. కింద ఇత్తడి చిలుము పట్టింది. బంగారానికి చిలుము పట్టదు, పూత అరిగిన చోట కింద లోహానికి పడుతుంది. మా గాజులకైనా ఇంతే. పైగా బందరు గాలి, ఉప్పు.’’

బోర్డు మీది పిన్నులు కూడా చూడమన్నాను. ‘‘ఇవి బంగారపు పూతే, పల్చన. ఇదిగో ఈ రెండిటి మొదట్లో కొంచెం ఆకుపచ్చగా ఉంది చూడండి’’ అన్నాడు. నాకు కనబడలేదు. కనబడనిదాన్ని పట్టించుకోలేదు. ఆ మాట ఇక్కడ రాసి పెట్టుకోవడం మాత్రం మంచిదయింది.

అదే రోజు, సాయంత్రం

రీసెట్ బటన్‌ని కాలితో ఎవరూ తన్నరు. అది కొత్త పెళ్లికూతురిలా ఉంది. బీప్ గట్టిగా ఇచ్చింది. దాని తీగ తెచ్చి పవర్ పిన్నులకి గుచ్చాను. స్విచ్ తీగకి ప్లస్, మైనస్ పట్టింపు లేదు, ఎటు గుచ్చినా ఒకటే. లైట్ల తీగలకే ఆ పట్టింపు.

రీసెట్ బటన్ నొక్కితే కంప్యూటర్ లేచింది. పెన్ను మొనతో నొక్కాలి, అంత చిన్నది. అయినా పనైపోయింది అనుకుని పెట్టె బిగించేశాను. మరలు నాలుగూ బిగించకూడదని ఎప్పటికి తెలుసుకుంటానో.

జులై 31, బుధవారం

పెడన నుంచి ఫోన్, మూడోసారి. పెళ్లికొడుకు తాతగారి పేరులో ‘ష’ ఉండాలి, ‘స’ పడింది. ‘‘వారం కిందటే చెప్పాం కదండీ! మీరు పట్టించుకోరా?’’ నాకెవరూ చెప్పలేదని నేను, చెప్పామని వాళ్లు. మాటా మాటా పెరిగింది.

సాయంత్రం కీబోర్డు ఎత్తి దుమ్ము దులుపుతుంటే అడుగున చీటీ: ‘పెడన – తాత – ష’. మా షాపులో పనిచేసే అమ్మాయి రాసి పెట్టింది. వాళ్లు చెప్పారు. ఆ పిల్ల విన్నది, రాసింది కూడా. చీటీ నా దాకా రాలేదు. ఫోన్ చేసి క్షమించమని అడిగాను.

ఆగస్టు 1, గురువారం

రాత్రంతా వాన. షాపు గోడలు చెమర్చాయి. గోడ స్విచ్ వేశాను, ఇంకా బటన్ ముట్టుకోనే లేదు. పెట్టె తనే లేచింది. ఫ్యాను తిరిగింది, లైటు వచ్చింది, టప్పున ఆగిపోయింది.

బయోస్‌లో ఆ పాత ఆప్షన్ తీసేశానే! ప్లగ్గు తీసి పెట్టాను. లేచింది, ఆగింది. మళ్లీ అంతే.

ర్యామ్ తీసి, రబ్బరుతో రుద్ది పెట్టాను. అదే వరస. ప్రాసెసర్ మీది ఫ్యాను ఊగుతోందేమో చూశాను, గట్టిగానే ఉంది. బోర్డు మీద ఉబ్బిన కెపాసిటర్లేమైనా ఉన్నాయా అని టార్చి వేసి వెతికాను. అన్నిటి నెత్తులూ చదునుగానే ఉన్నాయి. మనసులో మాత్రం బోర్డు పోయిందని పాడె కట్టేశాను.

ఏం తోచక, ఆగేదాకా ఎంతసేపు పడుతోందో లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, టప్. మళ్లీ. నాలుగు, టప్. పదిసార్లూ నాలుగే.

చావబోయే యంత్రం ఇంత క్రమశిక్షణగా చావదు. వేడెక్కి ఆగేదైతే రెండోసారి ఇంకా ముందే ఆగాలి. ఎస్‌ఎంపీఎస్ నీరసించి ఆగేదైతే ఒకసారి రెండు, ఒకసారి ఏడు. ప్రతిసారీ నాలుగంటే ఎవరో లెక్కపెట్టి ఆపుతున్నారు. కంప్యూటర్ బిగుసుకుపోయినప్పుడు మనమందరం చేసే పని ఏమిటి? బటన్ నొక్కి నాలుగు సెకన్లు పట్టుకుంటాం. విండోస్ ఒప్పుకోకపోయినా బోర్డే ఆపేస్తుంది.

అంటే ఎవరో బటన్ నొక్కి పట్టుకునే ఉన్నారు. నా చేతులు రెండూ ఒళ్లోనే ఉన్నాయి.

ఆగస్టు 1, రాత్రి

ఇన్నాళ్లూ బటన్ నొక్కినా వినలేదు. ఇప్పుడు నొక్కకపోయినా వింటోంది. చెవిటివాడు పోయి, లేని పిలుపులు వినేవాడు దాపురించాడు.

ఎవరు నొక్కుతున్నారో సగాలు చేసుకుంటూ పోవాలి. మొదటి సగం: రీసెట్ బటన్, దాని తీగ. రెండో సగం: బోర్డు. తీగని పిన్నుల నుంచి లాగేశాను. ఇప్పుడు బోర్డుకి బటనే లేదు. ప్లగ్గు పెట్టాను.

లేచింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. టప్.

బటన్ నిర్దోషి. తప్పంతా బోర్డులోనే ఉంది.

ఆగస్టు 2, శుక్రవారం

మల్టీమీటర్ నల్ల మొన కేబినెట్ రేకుకి, ఎర్ర మొన పవర్ పిన్నుకి పెట్టాను. నొక్కనప్పుడు అక్కడ 3.3 ఉండాలి. నొక్కితే సున్నాకి పడాలి. నాకు 0.6, 0.8, 0.7 అని ఊగుతోంది. చిప్పు దృష్టిలో అది నొక్కినట్టే లెక్క. పిన్నుకి వచ్చే కాస్త కరెంటూ మధ్యదారిలో నేలకి కారిపోతోంది. ఎండాకాలంలో ఇది జరగలేదు, వాన పడ్డ మర్నాడే జరిగింది. చిలకలపూడి ఆయన చూసిన ఆకుపచ్చ నాకు ఇప్పుడు కనబడింది.

మా అమ్మాయి హెయిర్ డ్రయర్ అడిగి తెచ్చాను. తక్కువ వేడి మీద, జానెడు దూరం నుంచి, ఆ మూల మీదికి గాలి కొట్టాను. మీటర్‌లో అంకె పాకడం మొదలుపెట్టింది: 1.1... 1.9... 2.7. స్క్రూడ్రైవర్‌తో తాకించాను. లేచింది. అయిదు దాటింది, పది దాటింది, విండోస్ వచ్చేసింది.

ఎంతసేపు ఉంటుందో తెలియదు. మొట్టమొదట చేసిన పని, ఇరవై ఏళ్లుగా చెయ్యని పని: శుభలేఖల ఫోల్డరు, ఫాంట్లు, అన్నీ రెండు పెన్‌డ్రైవుల్లోకి కాపీ. కుడిచేత్తో మౌస్, ఎడమచేత్తో డ్రయర్. కాపీ బార్ కదులుతున్నంతసేపూ బోర్డుకి తల ఆరబెట్టాను.

ఆగస్టు 3, శనివారం

బోర్డు విప్పి, పాత నూలు తువ్వాల్లో చుట్టి, బెజవాడ బస్సెక్కాను. డెబ్భై కిలోమీటర్లు ఒళ్లోనే. పక్క సీటు పెద్దావిడ ‘‘పసిబిడ్డా నాయనా?’’ అని తొంగిచూసింది.

బోర్డులు బాగుచేసే కుర్రాడికి పాతికేళ్లుంటాయేమో. గది ఇరుకు, మైక్రోస్కోపు మాత్రం ఖరీదైనది. జరిగిందంతా చెప్పబోయాను. నాలుగు సెకన్ల దగ్గర ఆపేశాడు. ‘‘చాలు సార్. మిగతాది నేను చెప్తా. పవర్ బటన్ లైన్ లీకేజీ.’’

ముందు టూత్‌బ్రష్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్. పిన్నుల మొదళ్లు తోమాడు. కొలిచాడు: 1.2. ‘‘ఇంకేదో ఉంది’’ అన్నాడు. పిన్నుల పక్కన నువ్వుగింజలో సగమంత ముక్క ఒకటి చూపించాడు. మైక్రోస్కోపులో దాని నడుం మీద వెంట్రుకంత పగులు కనబడింది.

‘‘ఈ కెపాసిటర్ బటన్ లైనుకీ గ్రౌండుకీ మధ్య ఉంటుంది సార్. చేతి స్టాటిక్, బటన్ అదురూ చిప్పు దాకా పోకుండా మింగేస్తుంది. పగిలి లోపలికి తేమ పోతే ఇదే రెండో బటన్ అయిపోద్ది. ఎవరూ నొక్కక్కర్లా.’’

సోల్డరింగ్ ఐరన్ అటో క్షణం, ఇటో క్షణం. ముక్క ఊడి వచ్చింది. మీటర్: 3.29.

‘‘అది లేకుండా నడుస్తుందా?’’

‘‘నడుస్తుంది. పాత బోర్డులోంచి ఒకటి తీసి వేస్తాలెండి, కాపలావాడు ఉంటే మంచిదే. అవునూ, ఇది పగలాలంటే బోర్డు వంగాలి. బటన్ తీగని గట్టిగా లాగి పీకారా?’’

నేను సమాధానం చెప్పలేదు. 25వ తేదీ రాత్రి, బనీను మీద కూర్చుని, పవర్ స్విచ్ తీగ లాగేశానని ఈ డైరీలోనే రాసుకున్నాను.

మూడువందలు తీసుకున్నాడు. మైక్రోస్కోపు కింద చూసినందుకు కాదట, పని జరిగినందుకు. పనిలో పనిగా బోర్డు మీది నాణెం బ్యాటరీ, సీఆర్ 2032, కూడా కొత్తది వేశాడు.

ఆగస్టు 4, ఆదివారం

బిగించాను. వెనక రేకుకి ఒక్క మర మాత్రమే పెట్టాను. కొంచెం బుద్ధొచ్చింది.

ఇక బటన్. రీసెట్ బటన్ని పెన్నుతో పొడుస్తూ కూర్చోలేను. కొత్త కేబినెట్‌కి డబ్బు దండగ. ఎలక్ట్రికల్ షాపుకెళ్లి కాలింగ్ బెల్ స్విచ్ ఒకటి తెచ్చాను, నలభై రూపాయలు. నొక్కితే కలుస్తుంది, వదిలితే విడిపోతుంది. పీసీ బటన్ చేసేదీ అంతే. 230 వోల్టులు మోయడానికి పుట్టినది మూడు వోల్టులు మొయ్యలేదా! పాత బటన్ తీగ కత్తిరించి, రెండు కొసలూ దీనికి కలిపి, టేప్ చుట్టి, టేబుల్ అంచుకి కుడిచేతి వైపు మరలతో బిగించాను. దాని మీద చిన్న గంట బొమ్మ ఉంది.

మా ఆవిడ చూసి, ‘‘పోనీలెండి, ఇప్పటికైనా సరస్వతిని కాలితో తన్నడం మానేశారు’’ అంది.

ఆగస్టు 5, సోమవారం

శ్రావణ మాసం మొదలు. పొద్దున గంట నొక్కాను. ఫ్యాను, లైటు, విండోస్. ఒక్క చుక్క వోల్టేజీ కూడా కారలేదు, ఒక్క అక్షరం కూడా పోలేదు.

పదకొండింటికి ఒక పెద్దాయన వచ్చి, నేను ప్రింటు తీస్తూ వెనక్కి తిరిగి ఉండడం చూసి, పిలుద్దామని మర్యాదగా గంట నొక్కాడు. సగం చేసిన శుభలేఖ మీద విండోస్ షట్‌డౌన్ మొదలెట్టింది. పేజ్‌మేకర్ సేవ్ చెయ్యమంటావా అని అడగబట్టి బతికాను.

కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచాను. బటన్ నొక్కితే ఏం చెయ్యాలని అడుగుతుంది అక్కడ. ‘ఏమీ చెయ్యొద్దు’ అని పెట్టాను. ఆగి ఉన్నప్పుడు లేపుతుంది, లేచి ఉన్నప్పుడు పట్టించుకోదు. ఇంట్లో నా మాట నడిచే తీరు కూడా ఇంచుమించు ఇదే.

ఆగస్టు 6, మంగళవారం

షాపులో అమ్మాయికి గోడ మీద రాసి అంటించాను, నేను లేనప్పుడు పనికొస్తుంది:

లేవకపోతే: బోర్డు మీద ఆకుపచ్చ లైటు చూడు. లేకపోతే ప్లగ్గు, ఎస్‌ఎంపీఎస్. ఉంటే గంట తీగ.

దానంతట అదే లేస్తే, లెక్కపెట్టు. నాలుగుకి ఆగితే తీగ తీసి చూడు.

తీగ పట్టుకుని లాగొద్దు. తలకాయ పట్టుకుని నిలువుగా తియ్యి.

ఎస్‌ఎంపీఎస్ డబ్బా ఎవరూ విప్పకూడదు. నేను కూడా.

కింద ఆ అమ్మాయి పెన్సిల్‌తో ఇంకో వరస చేర్చింది: ‘కస్టమర్ చెప్పినవి కీబోర్డు మీద పెట్టాలి, కింద కాదు.’

ఆగస్టు 7, బుధవారం

పెడన వాళ్లు శుభలేఖలు తీసుకెళ్లడానికి వచ్చారు. తాతగారి పేరు మూడుసార్లు చదువుకున్నారు. ‘ష’ ఉంది. పాత కోపం పోయింది, బందరు లడ్డూ ఒకటి నా చేతిలో పెట్టారు.

వాళ్ల మనవడు, అయిదేళ్లుంటాయి, టేబుల్ చుట్టూ తిరుగుతూ గంట బొమ్మ చూశాడు. నొక్కాడు. గుమ్మం వైపు చూశాడు ఎవరొస్తారోనని. ఎవరూ రాలేదు. తెర మీద వేరే వాళ్ల పెళ్లి అలాగే ఉంది, కదల్లేదు. నా సెట్టింగుకి నేనే మురిసిపోయాను.

వాడికి నచ్చలేదు. ఈసారి బొటనవేలు గట్టిగా ఆనించి, పళ్లు బిగించి, నొక్కి పట్టుకున్నాడు.

నాకు ఒక్కసారి ఒళ్లు ఝల్లుమంది. విండోస్ వినకపోవచ్చు, బోర్డు వింటుంది. ఒకటి, రెండు... లడ్డూ వదిలేసి టేబుల్ మీంచి వంగి, మూడు దగ్గర వాడి చెయ్యి పట్టుకున్నాను.

వాడు నవ్వాడు. నేను ముందు సేవ్ కొట్టి, తర్వాత నవ్వాను.